ఎడమ పక్క నుంచి వచ్చేవాళ్ళు

జూన్ 3

పొద్దున పేషెంట్లు రాకముందే డాక్టరుగారు లోపలికి పిలిచారు. కొత్త బ్రాంచి తెరుస్తున్నారట. దానికి ఒక ఇన్‌ఛార్జి కావాలట. నేను మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా "మంచిదండీ" అన్నాను. లోపల మాత్రం గుండె గంతులేసింది. ఈ క్లినిక్కు బోర్డు తగిలించిన రోజు నుంచీ కళ్ళ పరీక్ష గదిలో ఉన్నది నేనే. నాకు కాక ఇంకెవరికిస్తారు?

అంతలో ఆయన గొంతు సవరించుకున్నారు. "నీ పనికి వంక పెట్టేవాడు లేడమ్మా. కానీ అది కొత్త చోటు. మనమెవరో అక్కడ నలుగురికీ తెలియాలి కదా. నువ్వేమో ఆ గది దాటి బయటికి రావు. మన కళ్ళవాళ్ళ సంఘం మీటింగులు ఉన్నాయి, వెళ్ళు. స్కూలు క్యాంపులు ఉన్నాయి, వెళ్ళు. కాస్త మనుషుల్లో పడు. సెప్టెంబరులో తేల్చేస్తాను."

మనుషుల్లో పడాలట! పొద్దస్తమానం చీకటి గదిలో మనుషుల మొహంలో మొహం పెట్టి 'ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా' అని అడిగేదాన్ని, నేను మనుషుల్లో లేనట.

ఈ మాటలు ఆయన సొంతం కావు. ఎవరో ఎక్కించారు. ఆ ఎవరో నాకు తెలుసు.

జూన్ 4

ఉడత.

జూన్ 5

ఆ పేరు నేను పెట్టిందే, ఈ డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. నాకు జూనియరుగా వచ్చింది. చదువు కొత్తది, చేతిలో ఫోను కొత్తది. ఒక్కచోట నిలవదు. సంఘం మీటింగుకు కుర్చీలు వేసేది అదే, క్యాంపుకు పేర్లు సేకరించేది అదే, ఎవరికి ఎక్కడ ఉద్యోగం ఖాళీ ఉందో చెప్పేదీ అదే. అందరికీ తలలో నాలుక. నన్ను మొదట్లో మేడమ్ అనేది, ఈ మధ్య అక్కా అంటోంది. ఎసరు పెట్టేవాళ్ళు ముందు వరస కలుపుతారు.

ఇవాళ ట్రయల్ లెన్సుల పెట్టె సర్దుకుంటుంటే చప్పుడు లేకుండా నా ఎడమ పక్కకు వచ్చి నిలబడింది. "అక్కా" అనేసరికి నేను ఎగిరిపడ్డాను. చేతిలో లెన్సు కిందపడి పగిలింది. డాక్టరుగారు బయటికి వచ్చి చూశారు. నేను లెన్సులు పగలగొట్టే మనిషినని ఆయన కళ్ళతో ఆయనే చూడాలి, అదీ ప్లాను.

చెప్పుల చప్పుడు కాకుండా నడవడం కూడా ఒక విద్యే.

జూన్ 9

మీటింగుకు వెళ్ళాను. ఒక స్కూలు మేడ మీద హాలు. నాలా కళ్ళు పరీక్ష చేసే ఆప్టోమెట్రిస్టులు, నర్సులు, కళ్ళజోళ్ళ షాపులవాళ్ళు, అందరూ కలిపి హాలు సగం నిండింది.

ఉపన్యాసం వెంటనే మొదలవుతుందనుకున్నాను. కాదట. వీళ్ళకొక ఆనవాయితీ ఉంది. ముందుగా అందరూ జతలు జతలుగా కూర్చుని ఒకరి కళ్ళు ఒకరు పరీక్ష చేసుకుంటారు. చార్టు చదివిస్తారు, కంటి ప్రెజర్ చూస్తారు, లోపలికి లైటు వేసి చూస్తారు. అనుమానమొస్తే మూల గదిలో పక్క చూపు కొలిచే ఫీల్డ్ మెషీన్ ఉంది, దాని ముందు కూర్చోబెడతారు. ఇదంతా మొదలుపెట్టింది ఒక రిటైరైన నర్సమ్మ. కొంగుకు చిన్న టార్చి లైటు తగిలించుకుని తిరుగుతుంది. అందరూ టార్చి సిస్టర్ అంటున్నారు.

"ఊరందరి కళ్ళూ మనం చూస్తాం. మన కళ్ళు ఎవరు చూస్తారమ్మా?" అంది నాతో, నవ్వుతూ.

ఎంత తియ్యగా ఉందో. ఎవరి కంట్లో ఏ లోపముందో అందరి ముందూ కూర్చోబెట్టి తెలుసుకుంటారు. రేపు ఇన్‌ఛార్జి పోస్టుకు ఎవరి పేరైనా వస్తే 'అయ్యో, ఆవిడకు చూపు అంతంత మాత్రమండీ' అనడానికి ఎంతసేపు? నేను టీ తాగొస్తానని తప్పించుకున్నాను.

టీ బల్ల దగ్గర ఒకాయన అప్పటికే ఉన్నాడు. కళ్ళజోళ్ళ షాపు, తలంతా నెరిసింది. "జతల కార్యక్రమం అయ్యేదాకా నేనిక్కడే ఉంటానండీ. నా కళ్ళు నాకు తెలియవూ?" అన్నాడు. హాలు మొత్తంలో బుర్ర ఉన్న మనిషి అద్దాలాయన ఒక్కడే అనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు ఉడత నసిగింది. "అక్కా, ఇందాక టార్చి సిస్టర్ మీకు బిస్కెట్ల ప్లేటు అందించింది. మీరు అటు చూడనే లేదు. ఏమీ అనుకోలేదులెండి."

ఏ ప్లేటూ ఎవరూ అందించలేదు. నాకు పొగరని ప్రచారం చేయడానికి ఇదొకటి.

జూన్ 10

కొత్త బీరువా తలుపుకు మరీ దగ్గరగా పెట్టించారు. భుజం కమిలింది. మా ఆయన కొబ్బరినూనె రాస్తూ "గుమ్మానికీ నీకూ ఏమైనా పాత గొడవలున్నాయా?" అన్నాడు. బీరువా పెట్టించింది ఆయనే. హాస్యం కూడా ఆయనదే.

జూన్ 17

పేషెంట్లు లేని సమయం చూసి ఒక కన్ను మూసుకుని చార్టు చదివాను. తరువాత రెండోది. రెండిటితోనూ చివరి వరస దాకా గడగడా చదివేశాను. అద్దంలా ఉంది.

ఎందుకు చదివానంటే, ఊరికే.

జూన్ 29

స్కూలు క్యాంపు. నిజం రాసుకోవాలంటే, బాగుంది. పిల్లలు వరసలో తోసుకుంటూ, ఒకళ్ళ జడ ఒకళ్ళు లాగుకుంటూ వచ్చారు. ఒక పాప ఏ వరస చూపించినా టకటకా చెప్పేస్తోంది. కళ్ళు మాత్రం చార్టు మీద లేవు, గాల్లో ఉన్నాయి. నేను మాట్లాడకుండా వెళ్ళి చార్టు తీసేసి ఇంకొకటి తగిలించాను. పాప నోరు మూతపడింది. పై అక్షరం తప్ప ఒక్కటీ కనిపించడం లేదు పాపం. వరసలో నిలబడి ముందువాళ్ళు చదివింది బట్టీ పట్టేసింది.

"ఎందుకమ్మా అలా చేశావ్?" అంటే, "కళ్ళజోడు పెడితే అందరూ నవ్వుతారు" అంది.

"పెట్టకపోతే నువ్వు గోడను గుద్దుకుంటావు, అప్పుడు ఇంకా నవ్వుతారు" అన్నాను. ఆ పాప కిసుక్కున నవ్వింది. టీచరమ్మ నా చేతులు పట్టుకుని, "మేం సంవత్సరమంతా ఈ పిల్లకు చదువు రాదనుకున్నాం మేడమ్" అంది. నాకు చాలా సంతోషమేసింది. ఇన్నేళ్ళు నేను ఆ గదిలోంచి ఎందుకు రాలేదా అని కూడా అనిపించింది, ఒక్క క్షణం.

ఆ సంతోషం ఉండనిస్తేగా! మెట్లు దిగుతుంటే ఉడత ఎక్కడినుంచో వచ్చి నా ఎడమ చెయ్యి పట్టుకుంది. అందరి ముందూ. ముసలమ్మను రోడ్డు దాటించినట్టు. "వదులు" అన్నాను. "ఇంకో మెట్టు ఉందక్కా" అంది. ఉంది, ఉంటే? నాకు మెట్లు తెలియవా? అప్పుడే ఎవరో ఫోటో కూడా తీశారు. సాయంత్రానికి సంఘం గ్రూపులో ఉంటుంది.

జూన్ 30

గ్రూపులో ఫోటో ఉంది. నేనూ ఆ పాపా నవ్వుతున్న ఫోటో. మెట్ల ఫోటో లేదు. దాచి ఉంచారన్నమాట, సమయం వచ్చినప్పుడు తీయడానికి.

జూలై 8

ఇవాళ దొరికారు. డాక్టరుగారి గది తలుపు ఓరగా ఉంది. లోపల ఉడత గొంతు: "ఎన్నాళ్ళని చెప్పకుండా ఉంటామండీ? పేషెంట్లతో పని కదా."

డాక్టరుగారు: "చూద్దాంలే. ఇప్పుడే కదపకు."

నేను తలుపు తోశాను. ఇద్దరూ చప్పున ఆగిపోయారు. ఉడత నా మొహం చూడలేక ఫైలు పట్టుకుని వెళ్ళిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నవ్వుతూ "తరువాతి పేషెంటును పంపమంటారా?" అని అడిగాను. నా గొంతు వణకలేదు. వణికిందేమో తెలియదు.

పోస్టు దానికి ఇచ్చేశారు. నాకు ఎలా చెప్పాలా అని చూస్తున్నారు, అంతే.

జూలై 14

మళ్ళీ మీటింగు. కావాలని ఆలస్యంగా వెళ్ళాను. జతలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అద్దాలాయనా నేనూ టీ బల్ల దగ్గర కాపురం పెట్టాం. "వీళ్ళకు పనీపాటా లేదండీ" అన్నాడాయన. "వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి లెండి" అన్నాను.

టార్చి సిస్టర్ వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడా ఎడమ వైపు నుంచే. నా చేతిలో టీ ఒలికింది. తుడుస్తూ, మాటల్లో మాటగా అడిగినట్టు, "మీ ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా అమ్మా? పెద్దవాళ్ళలో?" అంది.

నేను రోజూ పేషెంట్లను అడిగే ప్రశ్న అది. గ్లకోమా, అదే నీటికాసుల జబ్బు, అనుమానం ఉన్నవాళ్ళను అడుగుతాం. లోపల ప్రెజర్ పెరిగి పక్క చూపును కొంచెం కొంచెంగా తినేసే జబ్బు. నొప్పి ఉండదు, ఇంట్లో ఒకరికుంటే ఇంకొకరికి రావచ్చు. నన్నెందుకు అడగాలి?

లేదన్నాను.

అమ్మమ్మ చివరి రోజుల్లో గోడలు తడుముకుంటూ నడిచేది. కానీ అది వయసు. అందరూ అప్పట్లో అదే అన్నారు.

జూలై 15

అమ్మమ్మది వయసే.

జూలై 22

ఈ బండివాళ్ళకు భయమూ, భక్తీ రెండూ లేకుండా పోయాయి. కూరలు తీసుకుని రోడ్డు దాటుతుంటే ఒక స్కూటరువాడు ఎక్కడినుంచి ఊడిపడ్డాడో, చీర అంచు రాసుకుంటూ పోయాడు. పైగా ఆగి "చూసుకోవాలి కదమ్మా!" అని నన్నే అన్నాడు. టమాటాలు రోడ్డంతా దొర్లాయి.

మా ఆయన అవతలి పక్కన ఉన్నాడు. టమాటాలన్నీ ఏరి నన్ను ఇంటికి తీసుకొచ్చాడు. వచ్చాక, "వాడు హారన్ కొడుతూనే వచ్చాడు. నువ్వు చప్పుడు విని కుడి వైపు చూశావు. వాడు ఎడమ నుంచి వచ్చాడు" అన్నాడు. ఈసారి హాస్యమాడలేదు. అదే నాకు నచ్చలేదు.

ఉడత ఈయనకు ఫోను చేసిందా? ఈయన నంబరు దాని దగ్గర ఎందుకుండదు, అందరి నంబర్లూ ఉన్నాయిగా.

జూలై 23

ఆయన ఫోను చూశాను. చేయలేదు.

జూలై 30

సరే. అందరి నోళ్ళూ ఒకేసారి మూయిస్తాను. వచ్చే మీటింగులో నేనే వెళ్ళి కూర్చుంటాను. అవసరమైతే ఫీల్డ్ మెషీన్ ముందు కూడా. దాని సంగతి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? తెల్లటి గిన్నెలో తల పెట్టాలి. మధ్యలో పసుపు దీపాన్నే చూస్తుండాలి. చుట్టూ ఎక్కడో ఒక చుక్క మెరుస్తుంది. మెరిసినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. అంతే. దాని ముందు ఎంతమందిని కూర్చోబెట్టానో, 'తల కదపకండి' అని ఎంతమంది మీద అరిచానో.

ఆగస్టు 11

రాయాలి. రాయకపోతే రేపు ఇంకో కథ చెప్పుకుంటాను.

జతల్లో నాకు ఉడతే వచ్చింది. యాదృచ్ఛికం కాదు, తెలుసు. చార్టు చదివాను, చివరి వరస దాకా. "బాగుందక్కా" అంది. ప్రెజర్ చూసింది. రెండోసారి చూసింది. లోపలికి లైటు వేసి చాలాసేపు చూసింది. "ఒకసారి ఆ గదిలోకి వెళ్దామా?" అంది.

"పద" అన్నాను. భయపడితే కదా.

కుడి కన్ను చప్పున అయిపోయింది. తరువాత కుడి కంటికి గంత కట్టి, ఎడమ కంటి పరీక్ష పెట్టింది. మొదట చుక్కలు వచ్చాయి, నొక్కాను. తరువాత తగ్గిపోయాయి. కానీ ఆ మెషీన్ లయ నాకు తెలుసు. టక్, కాస్త ఆగి, టక్. చుక్క వెతుక్కోవడం మానేసి చప్పుడుకు నొక్కడం మొదలుపెట్టాను. మోసం చేయాలని కాదు. చెయ్యి దానంతట అదే నొక్కేసింది. కాదు, నేనే నొక్కాను.

ఉడత మెషీన్ ఆపింది. కుడి వైపు వంగి, నా కుడి చెవిలో మాత్రమే వినబడేలా అంది: "అక్కా, చుక్క వేయకుండా ఉత్త చప్పుడు చేసినప్పుడు కూడా నొక్కుతున్నారు. మళ్ళీ మొదటినుంచి చేద్దామా?"

అవి నా మాటలు. పొల్లు పోకుండా నా మాటలే. వచ్చిన కొత్తలో నా పక్కన నిలబడి నేర్చుకుంది. మెషీన్‌ను బోల్తా కొట్టించాలని చూసేవాళ్ళతో నేను ఎలా అంటానో అలాగే అంది, కోపం లేకుండా.

"చేద్దాం" అన్నాను.

ఈసారి చప్పుడు వినకూడదనుకున్నాను. పసుపు దీపాన్నే చూస్తూ కూర్చున్నాను. ఒక చుక్క. ఇంకొకటి. తరువాత ఏమీ లేదు. కళ్ళు ఆర్పకుండా చూశాను. ఏమీ లేదు. తెల్లటి గిన్నె, పసుపు దీపం, అంతే. నాకు విసుగొచ్చింది.

"మెషీన్ ఆగిపోయిందా?" అన్నాను.

మాట నోట్లోంచి వచ్చాక నాకే వినబడింది. ఈ ప్రశ్న నాకు తెలుసు. గ్లకోమా ముదిరినవాళ్ళు ఆ కుర్చీలో కూర్చుని అందరూ ఇదే అడుగుతారు. అడిగినప్పుడు నేను వాళ్ళ వీపు వైపు ఎలా చూస్తానో కూడా తెలుసు. చీకటి కాబట్టి వాళ్ళకు కనబడదు.

ఉడత మళ్ళీ నా కుడి చెవి వైపు వంగింది.

"లేదక్కా" అంది. "నడుస్తూనే ఉంది."

ఆగస్టు 12

చెల్లికి ఫోన్ చేశాను. వెంటనే వెళ్ళి కంటి ప్రెజర్ చూపించుకోమన్నాను. "ఎందుకు? ఇప్పుడు నా మీద ఏం ప్లాను వేశావ్?" అంది. మా వంశమే అంత.

"అమ్మమ్మది వయసు కాదే" అన్నాను. ఆ తరువాత ఇద్దరం ఏడ్చాం.

ఆగస్టు 20

ఎడమ కంట్లో చాలా పోయింది. అంచుల నుంచి లోపలికి, మధ్యలో కొంచెం మిగిల్చి. అందుకే చార్టు చదవగలిగాను. కుడి కంట్లో ఇప్పుడే మొదలైంది. "పోయింది రాదు. ఉన్నది కాపాడుకుందాం" అన్నారు డాక్టరుగారు. ఆయన ఆ మాట పేషెంట్లకు చెప్పేటప్పుడు పక్కన ఫైలు పట్టుకుని నిలబడే మనిషిని నేను. ఇవాళ ఫైలు ఉడత పట్టుకుంది. రోజూ చుక్కల మందు. పని మానక్కర్లేదట, బండి మాత్రం నడపొద్దట. నాకు బండి రాదు కాబట్టి ఆ ఒక్క విషయంలో బతికిపోయాను.

బయటికొచ్చాక ఉడతను నిలదీశాను. ఆ రోజు తలుపు చాటున ఏమిటని.

"ట్రయల్ లెన్సు పగిలిన రోజు, పిలవకముందు మీ పక్కన నిలబడి చెయ్యి ఊపానక్కా. మీరు చూడలేదు. క్యాంపులో చివరి మెట్టు చూడలేదు. డాక్టరుగారిని చెప్పమంటే, 'ఆవిడకు చెప్పే ధైర్యం నాకు లేదమ్మా, సంఘంలో ఎలాగైనా కూర్చోబెట్టండి' అన్నారు. టార్చి సిస్టర్‌కు అందుకే చెప్పాను."

అంటే నేను అనుకున్నట్టే అందరూ కలిసి నా వెనక మంతనాలాడారు. ఆ మాట మాత్రం తప్పు కాలేదు. ఇద్దరూ నాకు భయపడ్డారని తెలిసి కాస్త సంతోషం కూడా వేసింది.

"మరి ఆ పోస్టు నీకు అక్కర్లేదన్నమాట" అన్నాను.

"ఎందుకు అక్కర్లేదు? కావాలి. అడిగాను కూడా" అంది, కళ్ళలోకి చూస్తూ. "అది వేరక్కా. ఇది వేరు."

దాని మీద ఉన్న అనుమానాల్లో నిజమైనది ఇదొక్కటే. దాన్నీ అదే వచ్చి చెప్పేసింది, నాకేమీ మిగల్చకుండా.

సెప్టెంబరు 2

ఉడతకే ఇచ్చారు. "నీ కళ్ళ వల్ల కాదమ్మా. ఆ పిల్లను అక్కడ అందరూ ఎరుగుదురు" అన్నారు డాక్టరుగారు. నమ్మాలో వద్దో తెలియలేదు.

కడుపు మండింది. దానికి అభినందనలు చెప్పాను, స్వీటు తిన్నాను, ఇంటికొచ్చి వంటగదిలో గిన్నెలన్నీ చప్పుడయ్యేలా కడిగాను. మా ఆయన పక్కన నిలబడి తుడిచిపెట్టాడు. ఎడమ పక్కన. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా అటే నడుస్తున్నాడు.

సెప్టెంబరు 5

ఇంకో స్కూలు నుంచి క్లినిక్కుకు ఫోను. "బట్టీ పట్టిన పాపను పట్టుకున్న మేడమ్ ఉన్నారా? మాకూ ఆవిడే రావాలి" అన్నారట. ఉడత చెప్పించిందా అని ఒక్క నిమిషం అనుకున్నాను. చెప్పిస్తే చెప్పించింది. వస్తానన్నాను.

సెప్టెంబరు 8

మీటింగుకు ముందుగానే వెళ్ళాను. కుర్చీలు జతలు జతలుగా వేశాను. అందరూ కూర్చున్నారు. తల మొత్తం ఎడమ వైపుకు తిప్పి హాలంతా చూశాను, ఇప్పుడు అలవాటు చేసుకుంటున్నాను. టీ బల్ల దగ్గర అద్దాలాయన ఒక్కడే ఉన్నాడు. నా కోసం రెండో కప్పు కూడా పోసి పెట్టాడు.

దగ్గరికి వెళ్ళి "రండి" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మీరూ వాళ్ళలో కలిసిపోయారన్నమాట! ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదు."

"నాకేమీ లేదండీ. ఇప్పుడు చదవమన్నా చార్టు చివరి వరస దాకా చదువుతాను."

"నేనూ చదివాను" అన్నాను.

నా మొహంలో ఏం కనిపించిందో, కప్పు బల్ల మీద పెట్టాడు. నా వెనకే వచ్చాడు, చుట్టూ అనుమానంగా చూసుకుంటూ. పరీక్ష మెషీన్ ముందు కుర్చీలో కూర్చోబోతూ గొంతు తగ్గించాడు. "మీరైతేనే కూర్చుంటాను. వీళ్ళ మీద నాకు నమ్మకం లేదు."

"నాకూ లేదండీ" అన్నాను. "గడ్డం ఇక్కడ పెట్టండి."